ఆగుమని చెప్పు చీటీ

పండుగ పదిరోజులున్నదనగా దర్జీ దుకాణమునకు పోయినవారికి ఒక దృశ్యము సుపరిచితమే. గోడవారను బట్టల మూటలు పేర్చియుండును. ఒక మూలను కత్తిరించిన గుడ్డలు, మరియొక మూలను చేతులు అతుకని చొక్కాలు, మిషను ప్రక్కను కాజాలు తీయనివి గుట్టగా పడియుండును. దర్జీ రాత్రులు దీపము పెట్టుకొని కుట్టుచునే యుండును. అయినను ఏ ఒక్కరి బట్టలును చెప్పిన నాటికి అందవు. అతడు సోమరి కాడు, చేతగానివాడును కాడు. వచ్చిన ప్రతివారి గుడ్డను కాదనలేక తీసికొనెను. మొదలుపెట్టినవి అరువది, ముగిసినవి ఆరు.

నేటి కార్యాలయములలో, ముఖ్యముగా కంప్యూటరు సాఫ్టువేరు వ్రాయుచోట్ల, ఇట్టి చిక్కును విడదీయుటకు ఒక పలకను వాడుచున్నారు. దాని పేరు కాన్‌బన్ బోర్డు. పనుల నిర్వహణకై వెలసిన సాఫ్టువేరులలో పెక్కింటియందు ఇది కనబడును. ‘చేయవలసినవి’, ‘జరుగుచున్నవి’, ‘అయినవి’ అని మూడు నాలుగు నిలువు వరుసలుండును. ఒక్కొక్క పనికి ఒక్కొక్క చీటీ. పని సాగినకొలది చీటీ ఎడమనుండి కుడికి జరుగును. ఇంతమాత్రము ఏర్పరచుకొనుటకు పావుగంట చాలును. కాని అట్లు ఏర్పరచిన పలక కొద్ది వారములలోనే చీటీలతో క్రిక్కిరిసి, చూచువారు లేక పడియుండుటయు కలదు. ఇట్లేల జరుగునో తెలియవలెనన్నచో ఆ చీటీ పుట్టుకను తెలిసికొనవలెను. ఆ కథ జపానులో ఒక మగ్గముతో ఆరంభమై మన హైదరాబాదు మీదుగా సాగినది.

‘కాన్‌బన్’ అనునది జపాను భాషాపదము. అంగళ్ల ముందు వ్రేలాడదీయు పేరుపలకను అక్కడివారు ఆ మాటతో పిలుతురు. చూడగానే సంగతి తెలియవలెననుటయే ఆ పలక ప్రయోజనము. ఆ మాట కర్మాగారములోనికి వచ్చుటకు ముందే, ఆ మాట వెనుకనున్న భావము ఒక నేతశాలలో రూపుదాల్చెను.

టొయోడా సాకిచి 1867లో జన్మించెను. ఆయన తన జీవితమును మగ్గములను మెరుగుపరచుటకే వెచ్చించెను. 1924లో ఆయన పూర్తిచేసిన స్వయంచాలక మగ్గమునకు ఒక గొప్ప గుణము కలదు. నేయుచుండగా నూలుపోగు తెగినచో ఆ మగ్గము తనంతట తానే ఆగిపోవును. నేతపని ఎరిగిన మన ప్రాంతములవారికి దీని విలువ వేరుగ చెప్పనక్కరలేదు. పోగు తెగిన సంగతి గమనింపక నేసిన ప్రతి అంగుళమును లోపముగల బట్టయే. మగ్గము తానే ఆగునపుడు ప్రతి మగ్గము చెంతను ఒక మనిషి కన్నార్పక కాచియుండవలసిన పనిలేదు. ఒక్కరే పెక్కు మగ్గములను చూచుకొనవచ్చును. 1929లో ఇంగ్లండునందలి ప్లాట్ బ్రదర్స్ సంస్థ ఈ మగ్గముపై హక్కులను కొనెను. లోపము కనబడిన క్షణమున ఆగుట నష్టము కాదు, లాభమే అను పాఠము ఆ వంశమువారి వ్యాపారములో ఆ విధముగ పాదుకొనెను.

సాకిచి కుమారుడు కీచిరో 1933లో మగ్గముల సంస్థయందే మోటారుకార్ల విభాగమును నెలకొల్పెను. 1937లో టొయోటా మోటారు కంపెనీ వేరుపడెను. మరుసటి యేట కొరొమో అను పట్టణమున దాని కర్మాగారము వెలసెను. ఆ పట్టణమే 1959లో టొయోటా నగరమని పేరు మార్చుకొన్నది. కావలసిన భాగము, కావలసిన వేళకు, కావలసినంత మాత్రమే చేరవలెనని కీచిరో ఆశించెను. ఇంతలో యుద్ధము వచ్చెను. యుద్ధానంతరము జపాను పరిశ్రమలు చితికిపోయెను. 1949లో ద్రవ్యోల్బణమును అరికట్టుటకై అమలుజరిపిన కఠిన విధానముల వలన కొనువారి చేతిలో డబ్బు లేకపోయెను. టొయోటావారి లారీలు అమ్ముడుపోక నిలిచిపోయెను. కంపెనీ దివాలా అంచునకు వచ్చెను. 1950లో కార్మికులకును యాజమాన్యమునకును తీవ్రమైన సంఘర్షణ జరిగెను. వేయిమందికి మించి కార్మికులు ఉద్యోగములు వదలిపోవలసి వచ్చెను. అందుకు బాధ్యత వహించి కీచిరో అధ్యక్షపదవికి రాజీనామా చేసెను, 1952లో కన్నుమూసెను. కొరియా యుద్ధము వలన లారీలకు గిరాకి వచ్చి కంపెనీ నిలబడినదే కాని, ఆ గాయపు గుర్తు మాత్రము మిగిలెను. అమ్ముడుపోని సరకు ఎంత పేరుకొన్నచో అంత అపాయమని అక్కడివారు పుస్తకములలో చదివి నేర్చుకొనలేదు. తోటివారు గేటు దాటి వెళ్లిపోవుచుండగా చూచి నేర్చుకొనిరి.

ఆ నేర్చుకొన్నవారిలో ముఖ్యుడు ఓనో తైచి. ఆయన 1912లో జన్మించి, 1932లో టొయోడావారి నూలుమిల్లులో చేరి, 1943లో మోటారు కంపెనీకి మారెను. యంత్రశాల బాధ్యత వహించిన ఓనో ఒక వింతను గమనించెను. నెలలో మొదటి సగమంతయు భాగములు కూర్చుకొనుటతో సరిపోవును. రెండవ సగములో బండ్ల బిగింపు హడావిడిగా సాగును. ప్రతి శాలవారును తాము చేయగలిగినంత చేసి తరువాతి శాలకు పంపుచుండిరి. అక్కడ అవసరమున్నదా లేదా అని అడుగువారు లేరు. ఫలితముగ అక్కరలేని భాగములు గుట్టలుగా పడియుండ, అక్కరయైన ఒక్క భాగము కొరకు అందరును చేతులు ముడుచుకొని కూర్చుండవలసివచ్చెడిది.

ఈ చిక్కునకు ఓనోకు దారి చూపినది మరియొక కార్ల కర్మాగారము కాదు, కిరాణాకొట్టు. అమెరికాలో మెంఫిస్ నగరమున 1916లో క్లారెన్స్ సాండర్స్ అను వర్తకుడు పిగ్లీ విగ్లీ అను పేరిట ఒక క్రొత్తరీతి అంగడిని తెరచెను. అందులో కొనువారే అరల మధ్య తిరిగి తమకు కావలసినవి తీసికొందురు. ఇట్టి అంగళ్లే సూపర్‌మార్కెట్లుగా వృద్ధిచెందినవి. వాటిని గూర్చి విన్న ఓనో ఒక సంగతిని పట్టుకొనెను. అక్కడ సరకును కొనువారిమీదకు ఎవరును తోయరు. కొనువారే వచ్చి తీసికొందురు. అరలో ఎంత ఖాళీ అయినదో అంతయే తిరిగి నింపుదురు. కర్మాగారములో తరువాతి శాలవారు కొనువారైనచో, ముందరి శాల అంగడి అయినచో ఎట్లుండును? 1953లో ఆయన తన యంత్రశాలలో ఈ పద్ధతిని అమలుచేసెను. అమెరికా వెళ్లి అట్టి అంగళ్లను స్వయముగ చూచినది ఆ తరువాత, 1956లో.

అంగడిలో ఖాళీ అర కంటికి కనబడును. పెద్ద కర్మాగారములో అట్లు కనబడుట ఎట్లు? అందుకొరకే చీటీ పుట్టెను. పారదర్శకమైన సంచిలో పెట్టిన ఒక చిన్న కాగితము అది. ఏ భాగము, ఎన్ని, ఎక్కడినుండి ఎక్కడికి అను వివరములు దానిమీద ఉండును. భాగములున్న పెట్టెతో పాటు చీటీయు ప్రయాణము చేయును. తరువాతి శాలవారు ఆ భాగములను వాడుకొన్నపుడు చీటీ విడివడి వెనుకకు వచ్చును. వచ్చిన చీటీయే క్రొత్తవి చేయుమను ఉత్తరువు. ఈ చీటీకే కాన్‌బన్ అని పేరు.

దీని నియమములు కొద్దివే. తరువాతి దశవారే వచ్చి చీటీలో ఉన్నంత తీసికొనవలెను. ముందరి దశవారు చీటీలో ఉన్నంతయే, ఆ వరుసలోనే చేయవలెను. చీటీ లేక ఏదియు చేయరాదు, ఏదియు కదలింపరాదు. లోపముగల వస్తువును ముందునకు పంపరాదు. అన్నిటికంటె కీలకమైనది చివరి నియమము: చీటీల సంఖ్యను క్రమముగ తగ్గించుచు పోవలెను. చెరువులో నీరు తగ్గినకొలది అడుగున ఉన్న రాళ్లు బయటపడినట్లు, చీటీలు తగ్గినకొలది పనిలోని లోపములు బయటపడును.

మూడవ నియమమును ఒక్కసారి ఆలోచింపుడు. చీటీ రానిచో యంత్రము సిద్ధముగనున్నను, పనివాడు ఖాళీగనున్నను పని చేయరాదు. నిరంతరము పనిచేయుటయే పనితనమని నమ్మినవారికి ఇది మింగుడుపడు మాట కాదు. ఓనో వ్యతిరేకతను ఎదుర్కొనవలసి వచ్చెను. ఒక యంత్రశాలలో మొదలైన పద్ధతి కంపెనీ అంతటను వ్యాపించుటకు 1962 వరకు పట్టెను. 1973 నాటి చమురు సంక్షోభములో జపాను పరిశ్రమలు కుదేలు కాగా టొయోటా ఇతరులకంటె త్వరగా తేరుకొనుటతో లోకము దృష్టి దీనిపై పడెను. 1978లో ఓనో తన పద్ధతిని పుస్తకముగ వెలువరించెను. 1990లో ఆయన మరణించెను.

ఈ పద్ధతి కర్మాగారములో వ్యాపించుచున్న రోజులలోనే, 1961లో, అమెరికాలో జాన్ లిటిల్ అను శాస్త్రజ్ఞుడు వరుసలలో వేచియుండుటను గూర్చి ఒక సూత్రమును నిరూపించెను. సామాన్యముగ చెప్పవలెనన్నచో అది ఇట్లుండును: ఒక పనికి పట్టు సగటు కాలము తెలియవలెనన్న, చేతిలోనున్న పనుల సంఖ్యను రోజునకు ముగియు పనుల సంఖ్యచే భాగింపవలెను. మన దర్జీ చేతిలో 60 చొక్కాలుండి, రోజునకు 6 ముగించినచో ఒక్కొక్క చొక్కాకు 10 రోజులు పట్టును. చేతిలో 12 మాత్రమే ఉంచుకొన్నచో 2 రోజులు. అతని వేగము ఇసుమంతయు మారలేదు. మిగిలినవి బయట వేచియుండును కదా, ఇందులో లాభమేమి అని అడుగవచ్చును. లాభము కలదు. బయట వేచియున్న గుడ్డ ఇంకను యజమాని చేతిలోనే ఉన్నది. అతడు మనసు మార్చుకొనవచ్చును, మరియొక దర్జీ వద్దకు పోవచ్చును, పెండ్లిబట్టలను ముందు పెట్టుమని కోరవచ్చును. దర్జీకో, మూటలు వెదకు పనియు, వచ్చినవారికెల్ల సాకులు చెప్పు పనియు తప్పును.

ఇపుడు హైదరాబాదునకు వత్తము. 2004వ సంవత్సరము. మైక్రోసాఫ్ట్ సంస్థ ఉద్యోగులు తమ లోపలి అవసరములకు వాడుకొను సాఫ్టువేరులు సుమారు 80 ఉండెడివి. వాటిలోని లోపములను దిద్దుట, చిన్న చిన్న మార్పులు చేయుట ఒక జట్టు పని. ఆ జట్టు హైదరాబాదునుండి పనిచేయుచుండెను. కోరికలు పంపువారో, అమెరికాలో ఉండిరి. కోరిన చిన్న మార్పు చేతికి వచ్చుటకు అయిదు నెలలు పట్టుచుండెను. ముగియక నిలిచిన కోరికలు 80కి మించినవి. తన విభాగములో ఈ జట్టునకు అధమస్థానము దక్కినది. ఆశ్చర్యమేమనగా, వారి సంస్థ పనితీరునకు అత్యున్నత శ్రేణి గుర్తింపు పొందినదే.

ద్రాగోష్ దుమిత్రియు అను నిర్వాహకుడు ఈ జట్టు బాధ్యతను స్వీకరించి డేవిడ్ ఆండర్సన్ అను నిపుణుని సలహా కోరెను. ఇరువురును కలిసి పని ఎట్లు పారుచున్నదో గీసి చూచిరి. లోపము హైదరాబాదువారి చేతిపనిలో లేదు. కోరిక వచ్చిన ప్రతిసారియు, దానికెంత సమయము పట్టునో వెంటనే అంచనా వేసి పంపుమని పైవారు అడుగుచుండిరి. అంచనా వేయుటకై చేతిలోని పనిని ఆపవలెను. జట్టు శక్తిలో మూడవ వంతునకు తక్కువ కాకుండ ఈ అంచనాలకే వ్యయమగుచుండెను. అంచనా వేసిన వాటిలో ఎన్నియో ఎన్నడును చేయబడవు. చేయబడునవియు నెలల తరబడి వరుసలో నిలిచియుండును. ఆ వరుస నిలిచియున్నంతకాలము నిందయంతయు పనిచేయువారిదే.

వారు చేసిన మార్పు సామాన్యము. అంచనాలను మానివేసిరి. జట్టు ముందు నిలువదగిన కోరికల సంఖ్యకు ఒక హద్దు పెట్టిరి. ఒక పని ముగిసి చోటు ఖాళీ అయినపుడు మాత్రమే, ‘తరువాత ఏది కావలెను?’ అని కోరినవారిని అడుగుదురు. ఏది ముందో నిర్ణయించు భారము కోరినవారిదే అయ్యెను. సాఫ్టువేరు వ్రాయు రీతి మారలేదు, పరీక్షించు రీతి మారలేదు. జట్టులోనికి క్రొత్తవారు వచ్చినది మార్పు ఫలించిన తరువాతనే. తొమ్మిది నెలలలో ముగియు పనుల సంఖ్య రెట్టింపునకు మించెను. క్రమముగ అయిదు నెలల కాలము రెండు వారములకు తగ్గెను. అధమమని పేరుబడిన జట్టే ఆ విభాగములో ఉత్తమమని లెక్కకు వచ్చెను. ఓనో కర్మాగారములో కనుగొన్నదే ఇక్కడను ఋజువయ్యెను: పని ఆలస్యమైనపుడు ముందుగ విచారింపవలసినది మనిషిని కాదు, ఆ మనిషిమీదకు పని వచ్చు తీరును.

ఇక్కడ గమనింపవలసిన విషయమొకటి కలదు. హైదరాబాదులో రంగురంగుల చీటీల పలక ఏదియు లేదు. హద్దు మాత్రమే ఉన్నది. ఆండర్సన్ 2006లో సియాటిల్ నగరములోని కోర్బిస్ అను ఛాయాచిత్రముల సంస్థకు మారిన పిమ్మట, 2007లో, అక్కడి జట్టువారు గోడపలకమీద నిలువు వరుసలు గీసి, చీటీలు అంటించి, పై భాగమున సంఖ్యలు వ్రాసిరి. మనమిపుడు ఎరిగిన కాన్‌బన్ బోర్డు రూపము ఆ గోడనుండి వ్యాపించినది. 2010లో ఆండర్సన్ దీనిని గూర్చి పుస్తకము వ్రాసెను. 2011లో ట్రెలో అను సాఫ్టువేరు వెలువడి, చీటీల పలకను సామాన్యులకు సైతము అందుబాటులోనికి తెచ్చెను. వరుసలును చీటీలును అందరికిని చేరినవి. కాని ఆ ప్రయాణములో పెక్కుచోట్ల వరుసల పైనున్న సంఖ్య జారిపోయినది.

గోడకు అంతము కలదు. చీటీలు నిండినపుడు గోడయే చాలునని చెప్పును. కర్మాగారములో చీటీలు ఎన్ని అచ్చువేసిరో అన్నియే ఉండును. కంప్యూటరు తెరకు అట్టి అంతము లేదు. ఒక వరుసలో 200 చీటీలు పెట్టినను క్రిందికి జరుపుచునే పోవచ్చును. హద్దు దాటినపుడు కొన్ని సాఫ్టువేరులు వరుసకు రంగు మార్చి హెచ్చరించునే కాని చేయి పట్టుకొని ఆపవు. కావున పలకను ఏర్పరచునపుడు సాఫ్టువేరు ఈయనిదానిని మనుష్యులే ఒప్పందముగ చేసికొనవలెను.

అట్టి పలకను ఏర్పరచు వరుస ఇది. మొదట, పని నిజముగ ఏ ఏ దశలగుండ సాగుచున్నదో ఆ దశలనే వరుసలుగ వ్రాయవలెను. సాగవలెనని కోరుకొన్నట్లు కాదు. వ్రాయుట, సరిచూచుట, పరీక్షించుట, అప్పగించుట వేరువేరైనచో వేరు వరుసలే కావలెను. రెండవది, ఇదివరకే చేతిలోనున్న పనులన్నిటికిని దాపరికము లేక చీటీలు వ్రాయవలెను. గుట్టను చూచి మొదటిరోజు గుండె బరువెక్కును. కాని ఆ బరువు మునుపును ఉన్నదే. మూడవది, ప్రతి వరుస తలమీద ఒక సంఖ్య వ్రాయవలెను. నలుగురున్న జట్టులో జరుగుచున్న పనులు నాలుగు అయిదింటికి మించరాదని మొదట అనుకొని, అనుభవమును బట్టి మార్చుకొనవచ్చును. నాలుగవది, ముందరి దశవారు చీటీని తరువాతివారిమీదకు తోయరాదు. చోటు ఖాళీయైనపుడు తరువాతివారే తీసికొనవలెను. అయిదవది, ప్రతిదినము పలకను కుడినుండి ఎడమకు చూడవలెను. ముగియవచ్చినదానిని ముగించుట మొదలు, క్రొత్తది మొదలుపెట్టుట చివర. నిలిచిపోయిన చీటీకి గుర్తు పెట్టి, ఎందుకు నిలిచినదో అందరును కలిసి విచారింపవలెను. తెగిన పోగును చూచి మగ్గము ఆగినట్లు, ఆ విచారణ జరిగిన పిమ్మటనే పని సాగవలెను.

వీటన్నిటిలో కష్టమైనది మూడవది. వరుసలు ఎవరైనను గీయుదురు. సంఖ్య వ్రాసిన తరువాత, పై అధికారి ‘ఇది కూడ ఈ రోజే’ అని మరియొక పని తెచ్చినపుడు, ‘అయ్యా, చోటు లేదు; ఇందులో దేనిని తీసి దీనిని పెట్టమందురు?’ అని అడుగగల చనువు జట్టులోనివారికి ఉండవలెను. ఆ ప్రశ్నను కోపింపక వినగల ఓర్పు అధికారికి ఉండవలెను. ఈ రెండును లేనిచోట ఎంత ఖరీదైన సాఫ్టువేరు కొన్నను అది పనుల పట్టికయే అగును కాని కాన్‌బన్ కాదు.

మన దర్జీ యింటికి మరల పోయి చూతము. వచ్చే పండుగకు అతడు గోడకు పన్నెండు మేకులు మాత్రము కొట్టుకొన్నాడనుకొనుడు. మేకు ఖాళీగనున్నచో గుడ్డ తీసికొనును. లేనిచో ఎల్లుండి రమ్మనును. ఆ మాట విని ఒకరిద్దరు గొణుగుకొనుచు పోవచ్చును. కాని అతడు తీసికొన్న గుడ్డ చెప్పిననాటికి చొక్కాయై తిరిగివచ్చును; పండుగనాటి రాత్రి అతని యింటను దీపము ఆర్పి నిద్రపోవుట జరుగును.